నాయనమ్మ ‘సాయం’ విలువ ఎంత? అమెరికా మొక్కజొన్న రాష్ట్రాల్లో ఒక పొలం లెక్క

అయోవా, నెబ్రాస్కా, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో చిన్న ఊళ్ళ పత్రికల్లో మరణవార్తలు చాలా వివరంగా ఉంటాయి. తొంభై దాటిన రైతు ఇంటి పెద్దావిడ కన్నుమూస్తే ఎక్కడ పుట్టింది, ఏ చర్చిలో పెళ్ళయింది, ఎంతమంది మనవలు, మునిమనవలు, ఎన్ని బొంతలు కుట్టింది, అన్నీ ఓపిగ్గా రాస్తారు. అందులో ఒక వాక్యం మాత్రం పదే పదే కనిపిస్తుంది: ఆమె భర్తకు పొలం పనుల్లో సాయం చేసేది.

ఆ మాట మనకూ కొత్తది కాదు. తెల్లారకముందే లేచి పాలు పితికి, నాట్లకు వెళ్ళి, కూలీలకు అన్నం మోసుకెళ్ళి, పొద్దుగూకాక ఇంటికొచ్చి పొయ్యి రాజేసే మనిషిని చూపించి "మా ఆవిడ కాస్త సాయం చేస్తుంది" అనే రైతులు మన ఊళ్ళలోనూ ఉన్నారు. కానీ అమెరికా మిడ్‌వెస్ట్‌లో, అంటే ఈ మొక్కజొన్న రాష్ట్రాలున్న ప్రాంతంలో, ఆ మాట వాడుక దగ్గర ఆగలేదు. పన్ను చట్టం, పెన్షన్, జనాభా లెక్కలు, పొలం పంపకం, అన్నీ ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాయి. ఆ చిక్కుముడి విప్పితే తప్ప ఆ నాయనమ్మ జీవితం అర్థం కాదు.

నాయనమ్మ అనే మాట కావాలనే వాడుతున్నాను. ఇంగ్లీషులో అమ్మమ్మకీ నాయనమ్మకీ ఒకటే పిలుపు. మనకు రెండు మాటలున్నాయి కాబట్టి ఒక విషయం తేలిగ్గా చెప్పొచ్చు: అక్కడ కూడా పొలం ఎక్కువగా కొడుక్కే వెళ్ళింది. పొలంలోని ఇంట్లో పిల్లలు రోజూ చూసే పెద్దావిడ చాలావరకు తండ్రి తల్లే. నేను చెప్పేది ఒక ఫలానా మనిషి కథ కాదు. 1920లలో అయోవాలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెళ్ళయి, ఈ శతాబ్దం దాకా బతికిన ఒక తరం ఆడవాళ్ళ కథ.

ముందు నేల సంగతి. మన పల్లెలో ఇళ్ళన్నీ ఒకచోట, పొలాలు ఊరి చుట్టూ ఉంటాయి. అక్కడ అలా కాదు. 1785లో చేసిన భూమి చట్టం ప్రకారం నేలను గళ్ళ కాగితంలా మైలు చదరాలుగా కొలిచారు. ఒక్కో చదరం 640 ఎకరాలు. దాన్ని నాలుగు చేస్తే 160. 1862లో లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ఇచ్చింది కూడా ఆ 160 ఎకరాలే, ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేసుకుంటే. ఎవరి పొలంలో వాళ్ళు ఇల్లు కట్టుకున్నారు. అంటే పక్కింటికి వెళ్ళాలంటే అర మైలో మైలో నడవాలి. వాకిట్లో నిలబడి పక్కింటావిడతో నాలుగు మాటలు చెప్పుకోవడం, నీళ్ళ దగ్గర కలుసుకోవడం, అప్పుకి పంచదార తెచ్చుకోవడం, ఇవేవీ లేవు. చలికాలం మంచు పడితే వారాల తరబడి ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకో ముఖం కనిపించని రోజులుండేవి. అక్కడి ఆడవాళ్ళ ఒంటరితనం గురించి మాట్లాడేటప్పుడు ఈ గళ్ళ నేలను మర్చిపోకూడదు.

హోమ్‌స్టెడ్ చట్టంలోనే మొదటి ముడి ఉంది. పెళ్ళికాని ఆడది, భర్త పోయిన ఆడది తన పేరు మీద 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అలా పట్టా సంపాదించిన ఒంటరి ఆడవాళ్ళు డకోటాల్లో, నెబ్రాస్కాలో చాలామంది ఉన్నారు. భర్తతో కాపురం చేస్తున్న భార్యకు మాత్రం మామూలుగా ఆ హక్కు లేదు. ఇంటి యజమాని భర్తే కదా అన్నది లెక్క. అంటే పెళ్ళి దగ్గర ఆమె పేరు కాగితం మీంచి తప్పుకుంది.

ఇక పని. 1920లో అమెరికా వ్యవసాయ శాఖ ఉత్తర, పశ్చిమ ప్రాంతాల 33 రాష్ట్రాల్లో సుమారు పది వేల రైతు ఇళ్ళ ఆడవాళ్ళ పనిని లెక్కగట్టింది. ఏడాది మొత్తం మీద సగటున రోజుకు 11.3 గంటలు. వేసవిలో 13 దాటింది. సగానికి పైగా ఇళ్ళలో నీళ్ళు మోసేది ఆడవాళ్ళే. సోమవారం బట్టలుతకడం, మంగళవారం ఇస్త్రీ, ఇలా వారానికి ఒక క్రమం ఉండేది. ఇస్త్రీ అంటే ఇనుప దిమ్మలను పొయ్యి మీద కాల్చి ఒకటి చల్లారితే ఇంకోటి మార్చుకుంటూ చేసేది, ఎండాకాలంలోనూ అంతే. వేసవి చివర్లో తోటలో కాసినవన్నీ, అంటే బీన్సు, టమాటాలు, స్వీట్ కార్న్, రూబార్బ్ అనే పుల్లటి కాడలు, పీచ్ పళ్ళు, గాజు జాడీల్లో పెట్టి ఉడికించి మూతలు బిగించేవాళ్ళు. పెద్ద కుటుంబమైతే నేలమాళిగలో వందల జాడీలు వరసలు తీరేవి. మన ఇళ్ళలో ఆవకాయ రోజుల హడావుడి గుర్తుంటే దాన్ని రెండు నెలలకు సాగదీసి ఊహించుకోండి. అది రుచి కోసం పెట్టుకునేది కాదు. ఆరు నెలల చలికాలం తిండి.

జూలైలో నూర్పిళ్ళు వచ్చేవి. ఆవిరి యంత్రమో, ట్రాక్టరో, పెద్ద నూర్పిడి మిషనో ఒక్కరు కొనలేరు కాబట్టి చుట్టుపక్కల రైతులు జట్టుగా ఏర్పడి ఒకరి పొలం తర్వాత ఒకరి పొలం నూర్చుకునేవాళ్ళు. ఎవరి పొలంలో మిషన్ ఉంటే ఆ ఇంటావిడ పదిహేను, ఇరవై మందికి వండాలి. పొద్దున టిఫిను, పది గంటలకు పొలానికి ఏదో ఒకటి, మధ్యాహ్నం పెద్ద భోజనం (దాన్నే అక్కడ డిన్నర్ అంటారు, రాత్రిది సప్పర్), సాయంత్రం మళ్ళీ పొలానికి. కోడి వేపుడు, బంగాళాదుంపలు, రొట్టెలు, ‘పై’ అనే పళ్ళు నింపి కాల్చిన తీపి వంటకం రెండు మూడు రకాలు. ఎవరింట్లో భోజనం బాగుందో మగవాళ్ళు ఏడాది పొడవునా చెప్పుకునేవాళ్ళు. కంబైన్ హార్వెస్టర్లు వచ్చాక ఈ జట్లు పోయాయి. వంట భారం తగ్గింది. ఏడాదికోసారి అందరూ ఒక చోట చేరే రోజూ పోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను: గుడ్ల డబ్బు. కోళ్ళు ఆడవాళ్ళవి. మీగడ తీసే మిషన్ తిప్పేది, దాన్ని రోజూ విడదీసి కడిగేది కూడా ఎక్కువగా వాళ్ళే. శనివారం టౌన్‌కి వెళ్ళి గుడ్లు, మీగడ అమ్మి, ఆ డబ్బుతో కాఫీ, పంచదార, పిండి, పిల్లలకు చెప్పులు కొనేవాళ్ళు. కోళ్ళ దాణా వచ్చే నూలు సంచుల మీద కంపెనీలు పువ్వుల అచ్చులు వేయడం మొదలుపెట్టాక ఒకే అచ్చు సంచులు మూడు నాలుగు పోగేసి పిల్లలకు గౌన్లు కుట్టేవాళ్ళు. దీన్నంతా మన మాటలో చెప్పాలంటే వేన్నీళ్ళకు చన్నీళ్ళు అంటాం. అలా అనడం తప్పని నా ఉద్దేశం. 1930ల మాంద్యంలో మొక్కజొన్న ధర ఎంత పడిపోయిందంటే అయోవా రైతులు బొగ్గు కొనలేక కంకులనే పొయ్యిలో కాల్చుకున్నారు. 1933 ఏప్రిల్‌లో లెమార్స్ అనే ఊళ్ళో, పొలాల జప్తు కేసులు చూస్తున్న జడ్జిని రైతులు కోర్టులోంచి బయటికి లాక్కెళ్ళి మెడకు తాడు వేసేదాకా వెళ్ళారు. అలాంటి రోజుల్లో ఇంటి తిండి, బట్ట నడిచింది గుడ్లూ మీగడల మీద. పంట చెక్కు ఎంత వస్తే అంతా పొలం అప్పుకి వెళ్ళింది.

ఈ అమరిక జాగ్రత్తగా గమనించాలి. ఆమె డబ్బు తిండికి, బట్టకి ఖర్చయింది. అందువల్లే భర్త డబ్బు భూమికి మిగిలింది. ఇద్దరి కష్టమూ ఆ భూమిలో ఉంది, కానీ బ్యాంకు పుస్తకంలో ఒకరిదే కనిపిస్తుంది. నలభై ఏళ్ళ తర్వాత ప్రభుత్వం వచ్చి "ఈ భూమి కొనడానికి డబ్బు ఎవరు పెట్టారు?" అని అడిగినప్పుడు ఆమె దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

అక్కడికి వెళ్ళేముందు మార్చి 1 గురించి చెప్పాలి. అయోవాలో 1930ల నాటికి దాదాపు సగం పొలాలు కౌలు రైతుల చేతుల్లో ఉండేవి. కౌలు సంవత్సరం మార్చి 1న మొదలవుతుంది. ఆ రోజు దారుల నిండా బళ్ళే: మంచాలు, పొయ్యి, కోళ్ళ గంపలు, వెనకాల తోలుకొచ్చే ఆవులు. మంచు కరిగి బురదైన రోడ్ల మీద ఒక ఇల్లు వదిలి ఇంకో ఇంటికి. కొత్తగా పెళ్ళయిన జంటలు తరచుగా అలాగే మొదలుపెట్టాయి. తను వేసిన తోట, పాతిన రూబార్బ్ మొక్క, శుభ్రం చేసుకున్న కోళ్ళ గూడు వదిలేసి కొత్తచోట మళ్ళీ మొదటి నుంచి. యుద్ధ కాలంలో పంటలకు మంచి ధర వచ్చాక చాలామంది సొంత పొలం కొనుక్కోగలిగారు. ఆ పత్రాల మీద చాలా జంటలు ఇద్దరి పేర్లూ రాయించుకున్నాయి. ఒకరు పోతే రెండోవారికి చెందేలా.

కరెంటు కూడా ఆ కాలంలోనే వచ్చింది. 1935లో గ్రామీణ విద్యుత్ సంస్థ ఏర్పడేనాటికి అమెరికాలో పదింట ఒక పొలానికి మాత్రమే కరెంటు ఉంది. ప్రైవేటు కంపెనీలు అంత దూరం తీగలు లాగడం గిట్టుబాటు కాదన్నాయి. రైతులే సహకార సంఘాలు పెట్టుకుని, ప్రభుత్వ రుణంతో స్తంభాలు పాతుకున్నారు. 1950ల నాటికి దాదాపు అన్ని పొలాలకూ దీపం వెలిగింది. ముందు కొన్నవి బల్బులు, ఇస్త్రీపెట్టె, రేడియో, బట్టల మిషన్. రేడియో అంతకుముందే బ్యాటరీల మీద వచ్చిందనుకోండి. అయోవాలోని షెనండోవా అనే చిన్న ఊరి నుంచి 1926లో లియానా డ్రిఫ్ట్‌మయర్ అనే గృహిణి తన వంటింటి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. వంటలు, పిల్లల జబ్బులు, తోట సంగతులు. ఆ కార్యక్రమం దశాబ్దాల పాటు నడిచింది. మైలు దూరంలో ఒక్కతే ఉన్న మనిషికి అది ఎంత ఊరటో! పక్కింటి పిన్నిగారు ఇన్నాళ్ళకు గోడ మీంచి పలకరించినట్టు.

టెలిఫోను కూడా అలాంటిదే. ఒకే తీగ మీద పదేసి ఇళ్ళు. ఎవరికి ఫోన్ వచ్చినా అందరి ఇళ్ళలో మోగుతుంది, మోత తీరును బట్టి ఎవరిదో తెలుసుకోవాలి. అందరూ వింటారని అందరికీ తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 మేలో, అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ బహిరంగ స్థలాల్లో, చర్చిలో, బడిలో, ఫోన్‌లో ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదని ప్రకటన చేశాడు. ఫోన్‌లో జర్మన్‌లో మాట్లాడుకున్నందుకు ఆడవాళ్ళు జరిమానా కట్టిన ఘటనలున్నాయి. ఆ భయంతో చాలా ఇళ్ళలో నాయనమ్మల భాష మనవలకు అందకుండా పోయింది. ఇప్పుడు అదే మిడ్‌వెస్ట్‌లో, చికాగో, డెమాయిన్, కొలంబస్ ఊళ్ళలో మన తెలుగు నాయనమ్మలు మనవలతో తెలుగులో మాట్లాడితే ఇంగ్లీషులో జవాబు వస్తోంది. ఎవరూ జరిమానా వేయకుండానే.

సరే, ఇప్పుడు చట్టం దగ్గరకి. అమెరికాలో మనిషి చనిపోతే వదిలి వెళ్ళిన ఆస్తి మీద కేంద్ర ప్రభుత్వం పన్ను వేస్తుంది. 1942 నుంచి 1976 దాకా అందులో 60,000 డాలర్ల మినహాయింపు ఉండేది. భార్యకు వెళ్ళే ఆస్తిని, మొత్తం ఆస్తిలో సగం దాకా, పన్ను నుంచి తీసేసేవాళ్ళు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ పొలం భార్యాభర్తలిద్దరి పేరా ఉంటే ఏమిటి? సగం ఆమెదే కదా, భర్త పోతే అతని సగం మీదే పన్ను కదా అనుకుంటాం. చట్టం అలా అనుకోలేదు. కొనడానికి డబ్బు ఎవరు పెట్టారో వాళ్ళదే మొత్తం అంది. తను పెట్టినట్టు భార్య రుజువు చేసుకుంటే తప్ప పొలం మొత్తం భర్త ఆస్తే. రుజువు అంటే పుట్టింటి నుంచి వచ్చిన డబ్బో, బయటి ఉద్యోగం జీతమో. ముప్పై ఏళ్ళు పాలు పితకడం రుజువు కాదు. గుడ్ల డబ్బు పిల్లల కడుపుల్లోకి వెళ్ళిపోయింది. అదే భార్య ముందు పోతే? ఆమె ఏమీ పెట్టలేదు కాబట్టి భర్త కట్టాల్సింది సున్నా. పొలం మొదటి నుంచీ అతనిదేనన్నట్టు. అందుకే దీన్ని వితంతువు పన్ను అన్నారు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 240 ఎకరాల పొలం, అప్పులు, పశువులు, యంత్రాలు పక్కన పెడదాం. అయోవా స్టేట్ యూనివర్సిటీ ఏటా చేసే సర్వే ప్రకారం 1970లో ఆ రాష్ట్రంలో ఎకరం సగటు ధర 419 డాలర్లు. పొలం విలువ సుమారు లక్ష. భార్యకు వెళ్ళే సగం తీసేస్తే యాభై వేలు. మినహాయింపు అంతకంటే ఎక్కువ కాబట్టి పన్ను లేదు. ఐదేళ్ళు గడిచాయి. సోవియట్ యూనియన్ ధాన్యం కొనడంతో ధరలు పెరిగి 1975కి ఎకరం 1,095 డాలర్లు అయింది. అదే పొలం ఇప్పుడు 2,62,800. సగం తీసేసి, 60,000 మినహాయిస్తే 71,400 మీద పన్ను. అప్పటి రేట్ల ప్రకారం దాదాపు 12,700 డాలర్లు. సగం పొలం ఆమెదేనని చట్టం ఒప్పుకుని ఉంటే ఎంత కట్టాల్సి వచ్చేది? లెక్క వేస్తే సుమారు 200 డాలర్లు. నేను రెండుసార్లు వేసి చూశాను. ఆమె ముప్పై ఏళ్ళ పనికి విలువ లేదని చెప్పినందుకు భర్త చావు రోజున ఆమె నెత్తిన పడిన తేడా అది. ఆ పన్ను కట్టడానికి కొందరు పొలంలో ముక్క అమ్ముకున్నారు.

దీనికి ఎదురు తిరిగింది కూడా ఆ ఇళ్ళ ఆడవాళ్ళే. నెబ్రాస్కాలో స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గర పొలం చేసుకునే డోరిస్ రాయల్ ఈ పన్ను మార్చాలని సంతకాల ఉద్యమం మొదలుపెట్టి 2 లక్షలకు పైగా సంతకాలు పోగుచేసింది. అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) కమిటీల ముందుకు వెళ్ళి చెప్పింది. 1976లో మినహాయింపు పెంచారు. 1978లో ఇంకో విచిత్రమైన మెట్టు: పొలం నడపడంలో భార్య నిజంగా పాలుపంచుకుంటే ఏడాదికి 2 శాతం చొప్పున ఆమె వాటాగా ఒప్పుకుంటాం, 50 శాతం దాటకుండా. అంటే పాతికేళ్ళు చాకిరీ చేస్తే సగం పొలం ఆమెది. నవ్వొచ్చేలా కనిపించినా నాకు ఈ మెట్టు చాలా ముఖ్యమైనదిగా తోస్తుంది. ఆమె పనికీ భూమికీ సంబంధం ఉందని పన్ను చట్టం అంకెల్లో ఒప్పుకుంది. చివరికి 1981 చట్టం ముడి మొత్తం కోసేసింది. భార్యాభర్తల ఉమ్మడి ఆస్తిలో ఎవరు డబ్బు పెట్టారన్న ప్రశ్నే లేకుండా చెరి సగం, ఒకరి నుంచి ఒకరికి వెళ్ళే ఆస్తి మీద పన్నే లేదు.

అయితే చట్టం ఆమెను భూమికి యజమానిగా గుర్తించిన ఆ ఏడే భూమి ధర శిఖరానికి చేరింది. 1981లో అయోవాలో ఎకరం 2,147 డాలర్లు. 1986కి 787. వడ్డీ రేట్లు 20 శాతం దాటిన రోజులవి. 1970లలో "కంచె నుంచి కంచె దాకా నాటండి" అని వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్ చెప్పిన మాటలు విని కొడుకులు అప్పు చేసి పొలాలు కొన్నారు. ఆ అప్పులకు చాలా ఇళ్ళలో తల్లిదండ్రులు అప్పు తీరిపోయిన తమ పొలాన్ని హామీ పెట్టారు. ఇక్కడ ఒక సంగతి మనసును పట్టేస్తుంది. అయోవా చట్టం ప్రకారం కాపురం ఉంటున్న ఇల్లు, దాని చుట్టూ స్థలం తాకట్టు పెట్టాలంటే ఎవరి పేర ఉన్నా భార్యాభర్తలిద్దరి సంతకమూ కావాలి. అంటే పొలం సంపాదించడంలో ఆమె వాటా లేదన్న రోజుల్లోనూ, అప్పు కాగితం మీద ఆమె సంతకం లేకపోతే కుదరదు. కొడుకు దివాలా తీసినప్పుడు నాయనమ్మ పొలం కూడా వేలానికి వెళ్ళింది. 1985 సెప్టెంబరులో ఇల్లినాయ్‌లోని షాంపేన్‌లో గాయకుడు విల్లీ నెల్సన్ వాళ్ళు రైతుల కోసం పెద్ద కచేరీ పెట్టి విరాళాలు సేకరించారు. 1986లో రైతుల కోసమే ప్రత్యేకంగా దివాలా చట్టంలో ఒక అధ్యాయం చేర్చారు. చాలా ఇళ్ళకు అది ఆలస్యమైంది.

నిలబడిన ఇళ్ళు ఎలా నిలబడ్డాయంటే, కోడళ్ళు టౌన్‌లో ఉద్యోగాలకు వెళ్ళారు. బడిలో వంట, ఆసుపత్రిలో నర్సు, బ్యాంకులో గుమాస్తా. జీతం ఎంత ముఖ్యమో దాంతో వచ్చే ఆరోగ్య బీమా అంతకంటే ముఖ్యం, సొంతంగా కొనుక్కోవాలంటే రైతుకి మోయలేని భారం. అప్పటికి గుడ్ల వ్యాపారం పెద్ద కంపెనీల షెడ్లకు పోయింది. నాయనమ్మ గుడ్లు చేసిన పనిని కోడలి జీతం చేసింది. తేడా ఏమిటంటే కోడలి జీతానికి కాగితం ఉంది.

ఆ కాగితం ఎందుకు ముఖ్యమో పెన్షన్ దగ్గర తెలుస్తుంది. 1955 నుంచి రైతులు సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్ పథకంలో చేరారు. పొలం ఆదాయం భర్త పేర చూపిస్తే పెన్షన్ రికార్డు భర్తకే పెరుగుతుంది. భార్యకు అతని పెన్షన్‌లో సగం వస్తుంది, ఆయన పోయాక ఆయనది వస్తుంది. ఆమెకంటూ లెక్క లేదు. యాభై ఏళ్ళ వయసులో మిషన్‌లో చెయ్యి పడి పోతే, సొంత పని రికార్డు లేదు కాబట్టి అంగవైకల్య భృతి కూడా రాదు. జనాభా లెక్కల సంగతీ అంతే. వ్యవసాయ గణనలో చాలాకాలం ఒక పొలానికి ఒక్క నిర్వాహకుణ్ణే ప్రధానంగా చూశారు, ఆ పేరు భర్తది. 2017లో ప్రశ్న మార్చి, నిర్ణయాలు తీసుకునే వాళ్ళు నలుగురి దాకా వివరాలు రాయొచ్చన్నారు. ఆడ రైతుల సంఖ్య 12 లక్షలు దాటి మొత్తంలో 36 శాతంగా తేలింది. వాళ్ళలో చాలామంది అంతకుముందు కూడా పొలంలోనే ఉన్నారు.

మన దగ్గర ఇదే ప్రశ్న పట్టా దగ్గర ఆగుతుంది. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవాళ్ళకే వచ్చింది. పొలంలో వంగి పనిచేసే ఆడవాళ్ళలో ఆ పుస్తకం ఎందరి పేర ఉందో ఏ ఊళ్ళో అడిగినా తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసి కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. చట్టం ఒకటి, సంతకం పెట్టించుకునేది ఇంకొకటి. మిడ్‌వెస్ట్ నాయనమ్మకూ అది తెలుసు.

ఇప్పుడు కథ మలుపు తిరుగుతుంది. ఆడవాళ్ళు మగవాళ్ళ కంటే ఎక్కువ కాలం బతుకుతారు, పెళ్ళినాటికి వయసులోనూ చిన్నవాళ్ళు. కాబట్టి భూమి చివరికి ఆమె చేతికే వచ్చింది. 2017లో చేసిన సర్వే ప్రకారం అయోవా సాగుభూమిలో 47 శాతం ఆడవాళ్ళ సొంతం. మొత్తం భూమిలో 60 శాతం 65 ఏళ్ళు దాటిన వాళ్ళది. మొక్కజొన్న చేల మధ్య హైవే మీద వెళ్తూ కనిపించే ఆ పచ్చదనంలో చాలా భాగానికి యజమాని టౌన్‌లో చిన్న ఇంట్లోనో, వృద్ధుల కేంద్రంలోనో ఉన్న ఒక ముసలావిడ.

ఆమె నెత్తిన ఇప్పుడు ఇంకో చిక్కు. పన్ను కాదు. ఆ మినహాయింపు 2024లో 1.36 కోట్ల డాలర్లు దాటింది, మామూలు పొలాలకు అది తగలదు. చిక్కు పంపకంలో ఉంది. 2023లో అయోవాలో ఎకరం సగటున 11,835 డాలర్లు. మన 240 ఎకరాలు 28 లక్షల డాలర్ల పైమాట. ముగ్గురు పిల్లలు: కొడుకు పొలం చేస్తున్నాడు, ఇద్దరు కూతుళ్ళు ఊళ్ళలో ఉద్యోగాలు. సమానంగా పంచితే కొడుకు అక్కచెల్లెళ్ళ 160 ఎకరాలు కొనడానికి దాదాపు 19 లక్షలు ఇవ్వాలి. అదే ఏడు సగటు కౌలు ఎకరానికి 279 డాలర్లు. ఆ 160 ఎకరాల కౌలుతో తీర్చాలంటే వడ్డీ లేకుండానే నలభై ఏళ్ళు దాటుతుంది. కొడుక్కే ఇస్తే కూతుళ్ళకు అన్యాయం, సమానంగా ఇస్తే పొలం ముక్కలు. బతికుండగా అమ్మేద్దామా అంటే, ఎప్పుడో 400కి కొన్నది ఇప్పటి ధరకి అమ్మినందుకు లాభం మీద పన్ను. చనిపోయేదాకా ఉంచుకుంటే వారసులకు ఆ పాత లాభం లెక్కలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ఎవరూ అమ్మనివ్వరు. కొడుక్కి ముందే రాసిచ్చేద్దామా అంటే, నర్సింగ్ హోమ్ అవసరమైతే? పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ దీర్ఘకాల సంరక్షణకు డబ్బివ్వదు. పేదలకిచ్చే మెడికెయిడ్ ఇస్తుంది కానీ అడిగే ముందు ఐదేళ్ళలో ఆస్తి ఎవరికైనా రాసిచ్చారా అని చూస్తుంది. కాబట్టి ఆమె కదలకుండా కూర్చోవాలి. తన భూమే, కానీ తన ఇష్టప్రకారం ఏదీ చేయలేదు.

కౌలుకి ఎక్కువగా కొడుకో, మరిది కొడుకో, పాతికేళ్ళుగా తెలిసిన పక్క రైతో చేస్తుంటాడు. భర్త ఉన్నప్పుడు మాట్లాడుకున్న పాత కౌలే నడుస్తుంటుంది. నేల కొట్టుకుపోతోంది, కాలువ పక్కన గడ్డి పెంచమని చెప్పాలని ఉంటుంది. చెప్తే వాడు ఏమనుకుంటాడో అని టెన్షన్. డెనిస్ ఓబ్రియన్ 1997లో మరొకరితో కలిసి అయోవాలో పెట్టిన మహిళల వ్యవసాయ సంఘం ఇలాంటి భూయజమానులను ఒకచోట కూర్చోబెట్టి, మగవాళ్ళు లేకుండా, తమ భూమి గురించి తామే మాట్లాడుకునే సమావేశాలు నడిపింది. తన పొలంలో మట్టి ఎలాంటిదో, కౌలు కాగితంలో ఏం రాసుకోవచ్చో చాలామంది అక్కడే మొదటిసారి అడిగి తెలుసుకున్నారు.

అయోవాలో కౌలు మార్చాలన్నా, ఆపాలన్నా సెప్టెంబరు 1 లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే పాత షరతుల మీదే మరో ఏడాది నడుస్తుంది. ఆగస్టు చివర్లో, మొక్కజొన్న గింజ గట్టిపడుతున్న రోజుల్లో, చాలా వంటిళ్ళలో బల్ల మీద ఆ కాగితం ఉంటుంది. పంపితే వచ్చే మార్చి 1 నుంచి కొత్త లెక్క. ఒకప్పుడు ఆ తేదీన కోళ్ళ గంప ఒళ్ళో పెట్టుకుని బురద రోడ్డు మీద ఇల్లు మారిన మనిషే ఇప్పుడు దాని మీద సంతకం పెట్టాలి.